గాజు పోగుకు వేసిన ముడి

నాలుగో తరగతితో నా బడి ఆగింది. ఆ తర్వాత నేర్చుకున్నదంతా గద్వాలలో మా ఇంటి గుంట మగ్గం దగ్గరే. తెగిన పడుగు పోగును అతకడంలో మా వీధిలో నా చేతికి పేరుంది. ఆ చేతితోనే నా కొడుకు బిడ్డకు రావలసిన ఉద్యోగాన్ని చెడగొట్టాను.

ఆ పిల్ల వనపర్తిలో ఇంజినీరింగు చదివింది. ఒక కంపెనీవాళ్లు కంప్యూటరులోనే ఇంటర్వ్యూ చేస్తామన్నారు. అందులో గెలిస్తే ఉద్యోగం, లేకపోతే మగ్గం. వేరే దారి లేదని దానికీ తెలుసు, నాకూ తెలుసు. వారం రోజులు పాఠం నాకే అప్పజెప్పింది. నేను కండెలకు నూలు చుడుతుంటే పక్కన కూర్చుని చెప్పేది.

"మన గోడ మీదికెల్లి వచ్చిన ఇంటర్నెట్ నల్ల తీగల కరెంటు ఉండదవ్వా. లోపల ఎంటిక లెక్క గాజు పోగు ఉంటది. దాంట్ల వెలుగు పోతది. వెలిగితే ఒకటి, ఆరితే సున్న. గట్ల మార్చుకుంట మాటలు పంపుడే మాడ్యులేషన్."

"రెండు రంగులతోని చీరంత నేసినట్టు."

"ఆఁ! ఇంక జల్ది పంపాలంటే వెలుగును నాలుగు తీర్ల చేస్తరు. చీకటి, లేత, నడిమి, ముదురు."

"నాలుగు ఎరుపులు పక్కపక్కన పెట్టి మసక చీకట్ల సూడుమంటే ఎవరికి తెలుస్తదే? నా కండ్లకైతే అన్ని ఒకటే."

పిల్ల చప్పట్లు కొట్టింది. "గదే అవ్వా! మసకైతే మల్ల రెండు రంగులకే దిగాలె. తక్కువ పోతది, కాని తప్పు పోదు. ఇంటర్వ్యూకు నువ్వే పోరాదా!"

"జీతం నాకే ఇస్తరా మరి?" అన్నాను. పిల్ల పకపకా నవ్వింది. ఆ నవ్వు మళ్లీ వినలేదు.

ఇంటర్వ్యూ రోజు పొద్దున, రంగు వేసిన నూలు చిలపల కట్టలు ఆరేయడానికి తాడు చాలలేదు. గోడ మేకుకు ఆ నల్ల తీగ పది చుట్లు చుట్టి వేలాడుతోంది. లైను వేసినవాళ్లు మిగిలింది అలా వదిలేసిపోయారనుకున్నాను. వృథాగా పడి ఉన్నదాన్ని చూస్తూ ఊరుకోవడం నాకు చేతకాదు. చుట్టనంతా కోసుకున్నాను. మిగిలిన రెండు కొసల తోలు చెక్కి, లోపలి పోగులను పడుగుకు వేసే ముడితో కలిపాను. రెండుసార్లు పుటుక్కుమంది. మూడోసారి వదులుగా నిలిచింది. పైన ప్లాస్టిక్ టేపు చుట్టాను. ఇదీ పోగే కదా అనుకున్నాను.

పది గంటలకు ఇంటర్వ్యూ. పావుగంట ముందు పిల్ల కంప్యూటరు తెరిచింది. ఇంటర్నెట్ డబ్బా మీద ఎర్ర దీపం కొట్టుకుంటోంది.

"లైన్ పోయినట్టుంది అవ్వా. రోజు పోతది, వస్తది. జర ఆగి చూస్త."

అది నా ముడి వల్లేనని నాకు అప్పుడే తెలిసిపోయింది. పక్క వీధిలో దాని స్నేహితురాలి ఇంట్లో లైను ఉంది. ఉరికితే ఐదు నిమిషాలు. చెప్పాలి. నూలు పాడుచేశారని, లైటు ఆర్పలేదని జన్మంతా ఇంటిల్లిపాదినీ తిట్టిన నోరు నాది. ఆ నోరు తెరుచుకోలేదు.

పది కొట్టాక పిల్ల ఫోను పట్టుకుని మిద్దె మీదికి పరుగెత్తింది. మా సందులో ఫోనుకు సిగ్నలు అంతంతమాత్రమే. మెట్ల మీద నిలబడి విన్నాను.

"సార్, వినబడుతుందా? నాలుగు రంగుల దారాలు... సార్? మళ్లీ చెప్పమంటారా?"

నేనన్న మాటనే వాళ్లకు చెప్పబోయింది. అది వాళ్లదాకా పోలేదు.

మధ్యాహ్నం లైను బాగుచేసే అతను వచ్చి, టేపు విప్పి నవ్వాడు. "గిదేంది, పడుగు లెక్క ముడేసిండ్రు! గాజుకు ముడేస్తే వెలుగు దాటుతదా? మిషన్ల పెట్టి కరగబెట్టి అతకాలె. ఆ చుట్ట ఎవరు కోసిండ్రు? తెగితే మల్ల అతికేతందుకే విడిచినం గది."

పిల్ల ఆ ముడిని చూసింది. చిన్నప్పుడు దానికి ఆ ముడి నేర్పింది నేనే. తర్వాత పెరట్లో చిలపలు ఆరుతున్న నల్ల తీగను చూసింది.

"పొద్దుగాల్నే ఒక్క మాట చెప్తే ఉరికేదాన్ని కదా అవ్వా," అంది. అంతే. నాలాగా తిట్టి ఉంటే బాగుండేది.

కంపెనీ నుంచి పిలుపు రాలేదు. ఇప్పుడు మగ్గం మీద కూర్చుంటోంది, తీరిక దొరికితే చదువుకుంటోంది. మా లైను బాగానే ఉంది. అయినా మళ్లీ ఏ ఇంటర్వ్యూ ఉన్నా కంప్యూటరు చంకన పెట్టుకుని పక్క వీధికే పోతుంది. ఎక్కడికే అని అడిగితే, "ఊకెనే అవ్వా," అంటుంది.