కారం డబ్బా ఎక్కని చెక్క

ఈ రోజు పొద్దున వంటింటి గోడకు ఒక చెక్క కొట్టాను. జనగామ బజారులో కిరాణా షావుకారు పారేయబోయిన చాయ్‌పత్తి పెట్టెను అడిగి తెచ్చుకుని, మేకులు పీకి, పలకలను గరుకు కాగితంతో రుద్ది, నా చేయి అందే ఎత్తులో బిగించాను. ఉప్పు, కారం, పప్పుల డబ్బాలన్నీ నేల మీదే ఉంటాయి మరి. వంగీ లేచీ నడుం పడిపోయింది.

చేతిపంపు దగ్గర నీళ్లు పట్టుకుని వచ్చేసరికి చెక్కకు పసుపు, కుంకుమ బొట్లు! మీద దేవుడి పటాలు, ముందు దీపం. డబ్బాలు నేల మీదే ఉన్నాయి.

"అత్తమ్మా, గిదేంది? డబ్బాల కోసం కొట్టిన గదా!"

నిరుడు ముందుగదిలో బట్టలకని కొట్టిన చెక్క మీద ఇప్పటికే దేవుళ్లున్నారు. జాతరకు పోయినప్పుడల్లా అత్తమ్మ ఒక పటం తెస్తుంది.

"ఆడ ఇరుకైంది బిడ్డా. దేవుండ్లను కింద వెట్టి, కారం డబ్బను మీద వెడ్తమా?"

"మరి నా నడుం?"

"దేవునికి మొక్కు. గదే తగ్గుతది."

పసుపు రాసిన చెక్కను ఇక కదిలించేదెవరు? మొక్కి, వంగి, కారం డబ్బా తీసి కూర వండాను.

మీ ఇళ్లలో కొత్త చెక్క మీదికి ముందు ఎవరెక్కుతారో చెప్పండి. రేపు నేను ఇంకోటి కొడతాను, మోకాలి ఎత్తులో. అంత కిందికి ఏ దేవుడూ దిగడు. కాకపోతే, అక్కడికీ నేనే వంగాలి.