కింద నిలబడిన మనిషి

మొన్న బట్టలారేసుకునే తాడు కోసం, పేరు మారినా మేమింకా గ్రే స్ట్రీట్ అనే పిలిచే వీధిలో ఇనుప సామాన్ల కొట్టుకెళ్ళాను. బయట వానకు తడిసిన తాళ్ళ చుట్టలను లోపలికి చేరవేస్తున్నారు. ఆ తడి తాడు వాసన తగలగానే నారాయణ మావ గుర్తొచ్చి, ఏం కొనడానికొచ్చానో మరిచిపోయాను. కొట్టువాడు రెండుసార్లు అడిగాక గానీ తేరుకోలేదు.

నారాయణ మావ నాకు చుట్టం కాదు. దక్షిణాఫ్రికాలో అన్ని రంగులవాళ్ళూ ఓటేసిన తొలి ఎన్నికలై కొత్త ప్రభుత్వం వచ్చిన కొన్నాళ్ళకు, కాకినాడ నుంచి డర్బన్‌కు ఉద్యోగానికొచ్చి, ఆయన ఇంటి వెనక గదిలో అద్దెకు దిగాను. ఆయన తాతగారు మా వైపు నుంచే చెరకు తోటల్లో కూలికి ఓడెక్కి వచ్చారట. ఆ ఇంట్లో మాటలన్నీ ఇంగ్లీషే. తెలుగు పూజగదిలోనూ, వంటింట్లోనూ, అత్త తిట్లలోనూ మిగిలింది. మావ ఊళ్ళో ఫ్యాక్టరీలుండే మొబేని పేటలో ఒక ఇనుప గిడ్డంగిలో ముప్పై ఏళ్ళు క్రేన్ కింద పనిచేశారు. కడ్డీల కట్టకు గొలుసు తగిలించడం, చెయ్యెత్తి పైనున్న డ్రైవరుకు సైగ చేయడం, ఊగే బరువును తాడుతో అదుపు చేయడం ఆయన పని. పైన సీటు ఆ రోజుల్లో తెల్లవాళ్ళది. అది అందరికీ దక్కేనాటికి మావకు చూపు చాలదన్నారు. ఈ సంగతి ఆయన ఫిర్యాదుగా ఎప్పుడూ చెప్పలేదు. వినగానే ఒళ్ళు మండింది నాకే.

నా ఉద్యోగమూ క్రేన్‌తోనే ముడిపడింది. రేవులో క్రేన్ నడపడం నేర్చుకునేవాళ్ళ కోసం మా చిన్న కంపెనీ ఒక కంప్యూటర్ ఆట తయారుచేస్తోంది. అందులో బరువు ఊగే తీరు రాయడం నా వంతు. నేను బి.కాం. చదివి ప్రోగ్రామింగ్ నేర్చుకున్నదాన్ని. పదో తరగతి తర్వాత భౌతికశాస్త్రం మొహం చూడలేదు. ఏనుగు నెమ్మదిగా నడుస్తుంది, మేకపిల్ల గంతులేస్తుంది అన్న లెక్కన, బరువు పెరిగేకొద్దీ నెమ్మదిగా ఊగేలా రాసేశాను. మీట వదలగానే ఠక్కున ఆగిపోయేలా కూడా రాశాను. పరీక్షించడానికొచ్చిన రేవు డ్రైవరు రెండు నిమిషాలు ఆడి, నవ్వి లేచిపోయాడు. రెండు వారాల్లో సరిచేయకపోతే పంపించేస్తానన్నాడు మా బాస్. ఉద్యోగం పోతే వీసా పోతుంది. వీసా పోతే మళ్ళీ కాకినాడే.

ఆ శనివారం పెరట్లో ముఖం వేలాడేసుకుని కూర్చుంటే మావ సంగతేమిటని అడిగారు. చెప్పాను. ఆయన పూజగదిలోని ఇత్తడి చెంబు తెచ్చి, వానకు తడిసిన తాడొకటి కట్టి, లిచీ చెట్టు కొమ్మకు వేలాడదీశారు. దేవుడి చెంబు చెట్టుకు కడతావా, బుద్ధి గడ్డి తిన్నాదా అని వంటింట్లోంచి అత్త అందుకుంది. మావ పట్టించుకోలేదు. ఖాళీ చెంబును ఊపి నన్ను లెక్కపెట్టమన్నారు. తర్వాత నిండా ఇసుక పోసి మళ్ళీ ఊపారు. పది ఊపులకు నా చేతి గడియారం చూపిన కాలం రెండుసార్లూ ఒకటే. నమ్మలేక మూడోసారి లెక్కపెట్టాను. తాడు కురచ చేస్తే మాత్రం చెంబు గబగబా ఊగింది.

"బరువుకి టైమ్ లేదు తల్లీ," అన్నారు. "టైమ్ అంతా తాడుది."

ఆపడమెలాగని అడిగాను. ఆయన తాడు పైకొస విప్పి చేత్తో పట్టుకుని, చెంబు ముందుకు ఊగినప్పుడు తన చేతిని కూడా దాని నెత్తి మీదికి జరిపారు. చెంబు అక్కడే నిలిచిపోయింది.

"వెనక్కి లాగితే దానికి కోపం వచ్చు. దాని వెంబడే పో. హంబా గాషే," అంటూ రెండో చెయ్యి పైకెత్తి చూపించారు. జులూ భాషలో మెల్లగా పొమ్మని అర్థమట. ముప్పై ఏళ్ళు పైవాడికి అరిచిన మాట అదే.

సోమవారం లైబ్రరీ నుంచి భౌతికశాస్త్రం పుస్తకం తెచ్చుకున్నాను. లోలకం సూత్రంలో బరువు ఊసే లేదు. మావ మాటను పుస్తకం ఒప్పుకుందని సంబరపడ్డాను. పాతదంతా చెరిపేసి, తాడు పొడవునూ క్రేన్ కదలికనూ లెక్కలోకి తీసుకుని మళ్ళీ మొదటినుంచి రాశాను.

గడువు రోజున బాస్‌ను అడిగి మావను వెంట తీసుకెళ్ళాను. పెళ్ళిళ్ళకు వేసుకునే కోటు వేసుకొచ్చారు. రేవు డ్రైవరు పక్కన నిలబడి చూస్తుండగా ఆయన తెర ముందు కూర్చుని మీట మీద చెయ్యి వేశారు. వేసి, ఆగిపోయారు. తెర మీదికి వంగి దేనికోసమో వెతుకుతున్నారు.

"కింద మనిషి ఏడీ?"

క్రేన్ గీశాం, ఓడ గీశాం, సముద్రం మీద పక్షులను కూడా గీశాం. బరువు దగ్గర చెయ్యెత్తి నిలబడేవాణ్ణి గీయాలని మాకెవరికీ తట్టలేదు. సైగ లేనిదే కదపనని మావ భీష్మించుకున్నారు. బాస్ గడియారం చూసుకుంటున్నాడు. చివరికి నేనే తెర పక్కన నిలబడి, ఆయన పెరట్లో చూపినట్టే చెయ్యెత్తాను. అప్పుడు కదిలించారు. బరువు ముందుకు ఊగింది. ఆయన క్రేన్‌ను దాని వెంబడే జరిపారు. అది ఓడ మీద నిశ్చలంగా నిలిచింది. డ్రైవరు ఈసారి నవ్వలేదు. తనూ కూర్చుని చూస్తానన్నాడు. కానీ ఆ కుర్చీలోంచి లేవడానికి మావకు కాస్త సమయం పట్టింది. నాకు ఏడుపొచ్చింది. డ్రైవరు చాలాసేపు ఆడి, ఇది అసలు బరువేనన్నాడు. నా ఉద్యోగం నిలిచింది.

మర్నాడే కింద ఒక మనిషిని గీశాను. చూపిస్తే మావ పెదవి విరిచారు.

"చెయ్యి ఇంకా పైకి. పైనోడికి కనబడాల."

మావ పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు నేను రాసే ఆటల్లో క్రేన్లు లేవు; బంతులూ, బళ్ళూ, గోడలెక్కి దూకే మనుషులూ ఉంటారు. అయినా ప్రతి ఆటలోనూ ఓ మూల పెళ్ళికోటు వేసుకున్న ముసలాయన ఒకరు నిలబడి ఉంటారు. ఆయనెవరని ఆడేవాళ్ళు అడుగుతుంటారు. ఆయన చెయ్యెత్తేదాకా నా ఆటల్లో ఏదీ కదలదు.