ఈశాన్యం మూల మడి

రింగు రోడ్డు ఇంకా పడని రోజులు. శామీర్‌పేటలో కొన్న ప్లాటుకు ముళ్లకంచె వేయించి, టమాటాలకు ఎత్తు మళ్లు కట్టిద్దామన్నారు మా నాన్న. పనికొచ్చినావిడది పక్క ఊరే. లేఅవుటు పడకముందు ఆ నేల వాళ్ల పొలం.

ఆమె ఈశాన్యం మూల మడిని మిగతా వాటికన్నా ఎత్తుగా, మోకాలెత్తు పోసింది. "గీడ వాన నీళ్లు నిలుస్తయి సారూ, ఎత్తుంటేనే చెట్టు బతుకుతది" అంది.

నాన్నకు మట్టి తెలియదు, వాస్తు తెలుసు. "ఈశాన్యం ఎత్తయితే ఇంటి యజమానికి అరిష్టం, తీసెయ్" అన్నారు. ఆమె నా వైపు చూసింది. నేను కంచె తీగ బిగువు చూస్తున్నట్టు నటించాను. ఆ మట్టిని ఆమె చేతే తవ్వించి నైరుతి మడికి పోయించాం.

నాటిన మొక్కలు కాపుకొచ్చే వేళకు ముసురు పట్టింది. నైరుతి మడి నిలిచింది. ఈశాన్యం మడిలో మొక్కలన్నీ పిందెలతో సహా కుళ్లిపోయాయి. నాన్న వాస్తును పల్లెత్తు మాట అనలేదు. "ఆవిడ చెయ్యి మంచిది కాదు, ఇక పిలవకు" అన్నారు.

చెప్పడానికి నేనే వెళ్లాను. వేరే మనిషి దొరికిందని అబద్ధమాడాను. ఆమె ఆ సంగతే పట్టించుకోలేదు.

"మూలకు కాలువ దీసిండ్రా సారూ? లేకుంటే మిగిలిన చెట్లు గూడ పోతయి" అంది.