ముందు పోయేవాటిని నిలిపే దారి

నా చిన్నప్పుడు, ఓర్వకల్లు రాళ్లగుట్టల దగ్గర మా ఊళ్లో, వేసవి వస్తే మందలకు ఒక్కటే దిక్కు, గుట్ట అవతల ఒక రైతు మోటారు బావి. కరెంటు ఉన్నంతసేపే తొట్టిలో నీళ్లు. మందలన్నీ వరసగా వెళ్లాలి. ముందు మంద తాగి తప్పుకోగానే వెనక మంద దిగుతుంది. వరస తప్పినవాటికి ఆ రోజుకు దాహమే.

మా మందలో మేకలూ గొర్రెలూ కలిసి ఉండేవి. ఒక్క గుంపుగా బయల్దేరిన మంద గుట్ట దాటేసరికి ఫర్లాంగు పొడవున సాగిపోయేది. రాళ్ల మీద మేకలు ఎగురుకుంటూ పోతాయి, గొర్రెలు తడుముకుంటూ వస్తాయి. అవి తొట్టి చేరేసరికి వెనక మంద మేకలు వచ్చి కలిసిపోయేవి. ఏది ఎవరిదో తెలియని ఆ గందరగోళంలో ఆ మంద కాపరులు మావాటిని కర్రలతో అదిలించేవారు. ఒకరోజు నేను చేతులారా పెంచిన గొర్రె, అప్పుడే ఈనిన పచ్చి బాలింత, నీళ్లు దొరక్క తిరుగుదారిలో కూలబడింది. మా తాత దాన్ని భుజాన మోసుకొచ్చి, ఇంట్లో ఉన్న కడవెడు నీళ్లలో సగం దానికే పోసి బతికించాడు. రోజూ అలా కుదిరే పని కాదు. నాకు ఏడుపు కంటే కోపమే ఎక్కువ వచ్చింది. రేపు అది తొట్టిలో తాగితేగానీ నేనూ గుక్కెడు ముట్టనని మొండికేశాను.

మర్నాడు తాత మందను రోజూ కంటే చాలా ముందే బయల్దేరదీశాడు. నేను కర్ర పట్టుకుని వెనక చేరి గొంతు చించుకున్నాను. గొర్రెలు బెదిరి నాలుగడుగులు వేసేవి, మేకలు మరీ పరుగెత్తేవి. ఎడం ఇంకా పెరిగింది. తాత నవ్వాడు. నాకు ఒళ్లు మండింది.

"అరిస్తే అన్నీ ఉరుకుతాయి పాపా. ముందుండేటివి ఇంకా ముందుకు పోతాయి. ఇట్ల రా," అని గుట్ట దిగగానే మందను రేగు కంపలున్న ఎండిపోయిన వంకలోకి మళ్లించాడు. చుట్టుదారి అని నేను గింజుకున్నాను. అక్కడ మేకలు ఆకుల కోసం కంప కంపకూ నిలబడిపోయాయి. కింద గడ్డిపరక లేదు కాబట్టి గొర్రెలు తలలు దించుకుని నడిచాయి. వెనకున్నవి వచ్చి ముందున్నవాటిని కలిశాయి. ఒకచోట తాత ఈల వేసి మందను వంకలోంచి బయటికి తోలాడు.

"ఇంకా పోతే మేకలే ఎనకబడతాయి. రాళ్లల్లో ఎంత సాగిందో ఈడ అంతే తగ్గించాల."

మంద ఒక్కటిగా తొట్టి చేరింది. నా గొర్రె కడుపారా తాగింది. తర్వాతే నేను తాగాను.

పెద్దయ్యాక కర్నూలు, కడపల మీదుగా పోయే ఆప్టికల్ ఫైబర్ లైన్ల మీద పనిచేశాను. ఫైబర్ అంటే సన్నని గాజుపోగు, అందులో కబురు వెలుగు మినుకులుగా పోతుంది. ఒక్కో మినుకులో కొద్ది కొద్ది తేడాతో ఎన్నో రంగులుంటాయి. కొన్ని ముందు పోతాయి, కొన్ని వెనకబడతాయి. వందల కిలోమీటర్లు పోయేసరికి మినుకు సాగి పక్క మినుకులో కలుస్తుంది, పంపిన కబురు పాడవుతుంది. "పవర్ పెంచుదాం మేడమ్" అనేవారు కుర్ర ఇంజనీర్లు. పెంచితే చెదిరింది చెదిరినట్టే పెద్దదవుతుంది. అందుకని ముందు పోయే రంగులు నెమ్మదించే ఇంకో రకం ఫైబర్‌ను, లెక్క కట్టి సరిగ్గా కావలసినంత పొడవే కలిపేవాళ్లం. ఇప్పుడు ఆ సవరణ చాలావరకు అవతలి చివర యంత్రమే చేసేస్తోంది.

నేను మాత్రం మారలేదు. ఎవరైనా వెనకబడితే నాకు ఇప్పటికీ అరవబుద్ధి కాదు. ముందు పోయేవాళ్లు ఎక్కడ కాసేపు ఆగుతారో వెతుకుతాను. దొరికేదాకా వదలను.