ఎద్దుల కొట్టంలో పడవ

1954. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు. ఊళ్లో ఎటు చూసినా డేరాలు, జీపులు, దుమ్ము. నేనప్పుడు కాలువ మీద అధికారులు తనిఖీకి తిరిగే పడవలను బాగుచేసే మేస్త్రీని. ఎవరైనా పాత పడవ కొంటూ పిలిస్తే ఆదివారాలు వెళ్లి సర్వే చేసేవాణ్ని. సర్వే అంటే పెద్ద బ్రహ్మవిద్య కాదు. పడవను బోర్లించి, కీల్ అనే అడుగు దూలం నుంచి పై అంచు దాకా కత్తిమొనతో పొడుస్తూ పోవడమే. కత్తి మెత్తగా దిగితే చెక్క కుళ్లినట్టు.

ఆ ఎండాకాలం నందికొట్కూరు అవతల కృష్ణ ఒడ్డు పల్లె నుంచి మద్దిలేటి అనే రైతు నా దగ్గరికి వచ్చాడు. వరస కరువులతో జొన్న చేలు ఎండిపోయి, ఎద్దులను కూడా అమ్ముకున్నాడు. ఆ డబ్బుతో పడవ కొని, తమ్ముడు సుంకన్నతో కలిసి నది నడుమ మడుగుల్లో పెద్ద చేపలు పట్టాలని అతని ఆశ. ఇంట్లో ముసలి తల్లి, అన్నదమ్ములిద్దరి భార్యాపిల్లలు. ఒడ్డున వల వేస్తే పిల్లల కూటికి కూడా చాలడం లేదు.

"కోడుమూరులో ఒక పడవ ఉండాదంట మేస్త్రీ. శానా బాగా పెట్టుకున్నారంట. నువ్వొచ్చి చూసి సరే అంటే తీసుకుంటాం," అన్నాడు.

కోడుమూరులో పడవేమిటని నవ్వొచ్చింది. ఆ మెట్ట ఊళ్లో పడవ ఉందంటే ఎవరికి మాత్రం రాదు! వెళ్లాక సంగతి తెలిసింది. నాగిరెడ్డి అనే రైతు ఒకప్పుడు తుంగభద్ర మీద రేవు దాటించే హక్కు వేలంలో పాడుకుని ఆ పడవ చేయించాడట. మరుసటేడు రేవు చేజారితే, దాన్ని బండికెత్తించి తెచ్చి ఎద్దుల కొట్టంలో పెట్టాడు. మోసం తెలియని మనిషి. ఏటా కానుగ నూనె పూయించాడు. ఎండ తగలనివ్వలేదు, వాన పడనివ్వలేదు.

"బండి కన్నా మేలుగా చూసుకున్న్యానప్పా. తెచ్చినప్పట్నుంచీ సుక్క నీళ్లు తగల్లేదు," అన్నాడు గర్వంగా.

ఆ మాటే నాకు అనుమానం తెప్పించింది.

మద్దిలేటి ఎద్దును బేరమాడేవాడిలా చుట్టూ తిరిగి పడవను తట్టి చూశాడు. సుంకన్న లోపలెక్కి కూర్చుని ఉత్త చేతులతో తెడ్డు వేస్తూ, "అన్నా, ఇది మనదేనా?" అని చిన్నపిల్లాడిలా నవ్వాడు. నేను పొడిచి చూశాను. టేకు చెక్క ఉక్కులా ఉంది, మేకులు గట్టిగా ఉన్నాయి. కానీ పడవ కింద దూరి పైకి చూస్తే సీమ్‌లలోంచి వెలుతురు కనబడింది. సీమ్ అంటే పలకకూ పలకకూ మధ్య అతుకు. చెక్క ఎండి ముడుచుకుపోయి, ప్రతి అతుకూ నోరు తెరిచింది.

"ఎండాకాలం బండిచక్రం పట్టా వదులైతే నీళ్లలో వేస్తారు కదా? ఇదీ అంతే," అన్నాను మద్దిలేటితో. "రాళ్లెత్తి వారం రోజులు నదిలో ముంచి పెట్టండి. చెక్క ఉబ్బుతుంది. అప్పుడు నేనొచ్చి కాకింగ్ చేస్తాను." కాకింగ్ అంటే మిగిలిన సందుల్లో నార దట్టించి గుగ్గిలం పూయడం. మద్దిలేటి తలూపాడు. బేరం కుదిరింది.

చెప్పిన గడువుకు నా సామాను సంచితో ఆ పల్లెకు వెళ్లాను. పడవ ఒడ్డునే ఉంది, ఒళ్లంతా పసుపు కుంకుమలతో. ముందు కొబ్బరిచిప్పలు. సీమ్‌ల మీద మాత్రం రోడ్డు పనుల దగ్గర తెచ్చిన తారు మందంగా పూసేశారు.

"ముంచలేదా?" అన్నాను.

జవాబు మద్దిలేటి అమ్మ చెప్పింది. "గంగమ్మకు టెంకాయ కొట్టి పేరు పెట్టుకున్న పడవ నాయనా. మన చేత్తో మనమే ముంచుతామా? యాడన్నా ఉందా?"

"ఈ తారు మీద నమ్మకం పెట్టుకోకమ్మా. సందుల్లో నార లేదు, తారు ఆనుకోవడానికేమీ లేదు. అలల ఊపుకు పగులుతుంది. పడవ మునుగుతుంది."

"దిగకముందే మునుగుతాదంటాండావే! పో నాయనా, నీ నోటి మాట మాకొద్దు," అని ఆమె మండిపడింది.

నాకూ ఒళ్లు మండింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుందని సంచి భుజాన వేసుకున్నాను. మద్దిలేటి కొంతదూరం నాతో నడిచాడు. "అమ్మ మాట కాదనలేను మేస్త్రీ. కొన్నాళ్లు ఒడ్డెమ్మటే తిప్పుతాంలే," అన్నాడు.

తిప్పారు, కొన్నాళ్లు. తొలివానలకు నది నిండింది, చేపలు నడుమకు పోయాయి. పిల్లల ఆకలి ఒడ్డున ఆగనివ్వలేదు. నడి ఏట్లో తారు పొరలుపొరలుగా ఊడి, అన్ని సీమ్‌లలోంచీ ఒక్కసారిగా నీళ్లు ఎగదన్నాయి. మద్దిలేటి ఈదుకుని ఒడ్డున పడ్డాడు. సుంకన్న కాళ్లకు వల చుట్టుకుంది.

వరద తగ్గాక మద్దిలేటి కబురు పెడితే వెళ్లాను. దిగువ మడుగులో బండల మధ్య నీటిలో ఇరుక్కున్న పడవను లాగి తెచ్చి, రేవులో కట్టారు. ముసలమ్మ దాని పక్కనే కూర్చుని ఉంది. నన్ను చూసి లేచింది.

"సూడు మేస్త్రీ," అంది.

ఎక్కి చూశాను. సీమ్‌లన్నీ మూసుకుపోయాయి. కత్తిమొన పట్టే సందు లేదు. అడుగున తడి లేదు. అంత మంచి పడవ నా చేతికి అంతకుముందు ఒక్కటీ రాలేదు.

"బాగుండాదా?"

అబద్ధమాడటానికి నోరు రాలేదు. "బాగుందమ్మా," అన్నాను.

"మేం ముంచకపోతే గంగమ్మే ముంచుకునింది. నా బిడ్డను కూడా ఏసుకుని," అంది. ఆమె ఏడవలేదు. నాకే ఏడుపొచ్చింది.

మద్దిలేటి ఆ పడవతోనే రెండు కుటుంబాల పిల్లలనూ సాకాడు. వేరే దారేముంది? నేను చెప్పింది తప్పని ఇప్పటికీ అనను. కానీ సరైన మాట చెప్పి, కోపంతో సంచి భుజాన వేసుకుని వచ్చేస్తే సర్వే పూర్తయినట్టు కాదని అక్కడ తెలిసింది. ఆ తర్వాత ఎవరు ఎండిన పడవ కొన్నా, పూజకు ముందే సెలవు పెట్టుకుని వెళ్లి, నా చేతులతోనే రాళ్లెత్తి దాన్ని ముంచేవాణ్ని. ఇంటి ఆడవాళ్లు శాపనార్థాలు పెట్టేవాళ్లు. అవన్నీ పడుతూ, రాళ్లు తీసి పడవను పైకి తేల్చేదాకా ఆ ఒడ్డునే కూర్చునేవాణ్ని.