కుంటెద్దు అమాస

నేను పుట్టింది బల్మూర్ దిక్కు. మా అమ్మగారింటి వాకిట్ల నిలబడితే నల్లమల గుట్టలు కనపడుతుండె. అక్కడ ఏరువాక పున్నమికి ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగు పూసి, ఊరంత తిప్పుతరు. ఎద్దుల పండుగ అంటే నాకు తెలిసింది అంతే. మానవపాడు దగ్గర పల్లెకు కోడలిగ వచ్చినంక ఇంకొకటి ఉందని తెలిసింది. ఏరువాక అయిపోయి రెండు వారాలకు అమాస వస్తది గద, ఆ పొద్దు నల్లరేగడి మట్టితోని ఎద్దుల జత చేసి, వాటి ముందట మేత వేసే చిన్న గాడి కట్టి, దేవుని గూట్ల పెట్టి మొక్కుతరు. మట్టెద్దుల అమాస అంటరు దాన్ని.

మా అత్త చేతిల ఆ పని ఎట్లుండెనంటే, పొయ్యి మీద పప్పు ఉడికేలోపల జత తయారవుతుండె. మూపురం, మెడ కింద వేలాడే గంగడోలు, ముక్కుతాడు కోసం రంధ్రం, అన్ని కుదురుతుండె. ఎనిమిదేండ్లు నేను ఆమె పక్కనే ఉన్న. కాని నా కండ్లు పెనం మీద ఉండె, ఎందుకంటే పూర్ణం పెట్టి భక్షాలు కాల్చే పని నాది. ఎద్దుకు ముందు కాళ్లు చేస్తరా, కడుపు చేస్తరా అని ఎవరన్న అడిగితే నాకు తెల్వకపోతుండె. ఎవరూ అడగలేదు కూడా.

ఆ యేడు అత్తకు కంట్ల పొర వచ్చింది. గద్వాల దవాఖానల ఆపరేషన్‌కు తారీకు ఇచ్చిండ్రు. క్యాలెండర్ ఎవరూ చూసుకోలేదు. బస్సు ఎక్కి కిటికీ పక్కన కూసున్నంక ఆమెకు యాదికొచ్చింది. బస్సు కదులుతుంటే తల బయటపెట్టి నాకు ఒక్కటే మాట చెప్పింది, అమాసకు ఎద్దులు ఆగొద్దని. మా ఆయన కూడ తల్లి వెంబడి పోయిండు. ఇంట్ల నేను, ఏడేండ్ల బిడ్డ, నాలుగేండ్ల కొడుకు మిగిలినం.

నిజం చెప్తున్న, అమాస పొద్దుగాల నేను ఆ సంగతి ఎత్తకుండ గడిపేద్దామనుకున్న. భక్షాలు చేస్తే పిల్లలు మర్చిపోతరు అనుకున్న. బిడ్డ మర్చిపోలేదు. నేను పప్పు నానబోసే లోపలనే తమ్ముని వెంబడేసుకొని చేను గట్టు కాడికి పోయి, పాత బకెట్ నిండ మట్టి తెచ్చింది. ఆ మట్టిల రెండు రాళ్లు, ఒక తెగిన చెప్పు పట్టీ, బతికున్న వానపాము ఒకటి ఉండె. వానపామును నేను పారేస్తుంటే కొడుకు అడ్డం పడిండు, అది ఎద్దు కడుపుల పేగు అయితదంట. వాణ్ణి ఒప్పించి దాన్ని చెట్టు మొదట్ల విడిచేసరికి సగం పొద్దు పోయింది.

మట్టిని నాకు తెలిసిన తీరుగ తడిపిన. అంటే జొన్నరొట్టె పిండి లెక్క. చేతికి మెత్తగ మంచిగనే అనిపించింది. కడుపు చేసిన, తలకాయ పెట్టిన, నాలుగు కాళ్లు అతికించి పీట మీద నిలబెట్టిన. నిలబడ్డది. మేం ముగ్గురం చూస్తుంటే మెల్లగ కిందికి దిగుడు మొదలుపెట్టింది. కాళ్లు కడుపులకు పోయినయి, మెడ భుజాలలకు పోయింది, మూతి మాత్రం ముందుకు సాగింది. కొడుకు దాన్ని అటు నుంచి ఇటు నుంచి చూసి, ఇది పంది అని తేల్చిండు. తేల్చి ఊకోలేదు. గల్లీలకు ఉరికి, మా అమ్మ పందిని చేసింది అని ఇంటింటికి చెప్పి వచ్చిండు. వాని మొఖంల ఎంత గర్వం ఉండెనంటే, నాకు తిట్టబుద్ధి కాలేదు.

ఇట్ల కాదని కిరాణా దుకాణం కాడికి పోయిన. అక్కడ గోడకు రూపాయి బిళ్ల వేసి మాట్లాడే ఎర్ర డబ్బా ఫోన్ ఉండె. గద్వాలల మా ఆడిబిడ్డ ఇంటికి చేసిన. అత్త ఆపరేషన్ అయ్యి రెండు దినాలు, కూతురింట్లనే పండుకొని ఉంది. ఫోన్ ఆమె చెవి కాడ పెట్టిండ్రు. కన్ను ఎట్లుందని నేను అడిగేలోపల ఆమె ఎద్దులు ఎట్లున్నయని అడిగింది. కూలిపోయినయని చెప్పిన. మట్టిల నీళ్లు తక్కువ పోయాలె, జర పత్తి కలిపి పిసకాలె అని చెప్పింది. కాళ్లు విడిగ అతికించొద్దు, కడుపుల నుంచే గుంజాలె అన్నది. తోక సంగతి చెప్పబోతుంటే డబ్బా కూత పెట్టి ఆగిపోయింది. నా దగ్గర ఇంకో బిళ్ల లేదు. తోక నా తెలివికే మిగిలింది.

ఇంటికొచ్చి పత్తి కలిపి మళ్ల పిసికినం. ఈసారి ముగ్గురం కూసున్నం. కాళ్లు గుంజిన. ఒక ఎద్దుకు నాలుగు కాళ్లు మంచిగ వచ్చినయి. రెండోదానికి మూడు వచ్చినయి. నాలుగోది గుంజితే ఊడి చేతికొచ్చింది, అతికిస్తే వంకర పోయింది. నిలబడితే ఎద్దు ఎవరినో పలకరిస్తున్నట్లు ఒక దిక్కు వంగింది. కొమ్ములకు చీపురు పుల్లలు, కండ్లకు జొన్న గింజలు పెట్టినం. తోకకు ఏమీ తోచక బిడ్డ జడకు కట్టే రిబ్బన్ ముక్క కోసిన. తన రిబ్బన్ ఎద్దుకు పోయినందుకు బిడ్డ సంబురపడ్డది.

ఎండకు ఆరనియ్యుర్రి అని చెప్పి నేను పెనం కాడికి పోయిన. రెండు భక్షాలు కాలినయో లేదో కోడి అరుపు వినపడ్డది. బయటికొచ్చి చూస్తే కోడి రెండెద్దుల కండ్లు పొడుచుకొని తినేసింది. ఒక్కటి విడువకుండ నాలుగు కండ్లు తిన్నది. కోడిని కొట్టి, మళ్ల గింజలు పెడుదామని చూస్తే, నాలుగు కాళ్ల ఎద్దు లేదు. కొడుకు గోలెం కాడ ఉన్నడు. ఎండకు ఎద్దుకు దూప అయ్యిందని నీళ్లు తాపడానికి తీసుకపోయిండంట. తాగనిచ్చిండు, బాగనే తాగనిచ్చిండు. గోలెంల నీళ్లు నల్లగ అయినయి, మీద రెండు చీపురు పుల్లలు, ఒక రిబ్బన్ ముక్క తేలుతున్నయి.

వాడు నా దిక్కు చూసి, "అమ్మా, తాగి తాగి నీళ్లల్లనే ఉండిపోయింది" అన్నడు.

బిడ్డ ఏడుపు అందుకున్నది. ఒక్క ఎద్దుతోని సేద్యం ఎట్ల చేస్తరు, అవ్వ వచ్చినంక ఏం చెప్పాలె అని. అక్క ఏడుస్తుంటే తమ్ముడు ఏడ్చిండు. లోపల పెనం మీద భక్షం మాడిన వాసన వస్తుండె. నాకు కూడ ఏడుపు రావాల్సిందే, కాని గోలెంల తేలే ఆ తోకను చూస్తే నవ్వొచ్చింది. నవ్వు ఆపుకోలేక గోలెం అంచు పట్టుకొని కూసున్న. పిల్లలు ఏడుపు ఆపి నన్ను చూసిండ్రు. జర సేపటికి వాళ్లూ నవ్విండ్రు, ఎందుకో తెల్వకున్నా.

ఆ సప్పుడుకు పక్కింటామె గోడ మీద నుంచి తొంగి చూసింది. ఆమెది రాయచూరు దిక్కు, మాటల్ల సగం కన్నడం ఉంటది. మా వంకర కాలి ఎద్దును చూసి, దీనికి ఎందుకు పరేషాన్ అయితున్నరు, మా దిక్కు కావాలనే కుంటెద్దును చేస్తరు అని చెప్పింది. అమాస తెల్లారి పిల్లలు దాన్ని పళ్లెంల పెట్టుకొని ఇల్లిల్లు తిరుగుతరంట. కుంటెద్దు వచ్చింది అని పాట పాడితే గింజలు పెడ్తరంట. ఆ గింజలన్ని కలిపి వండుకొని పిల్లలంత కూసొని తింటరంట. ఆమె చెప్పుడు అయిపోకముందే మా బిడ్డ కండ్లు తుడుచుకొని పళ్లెం కోసం ఇంట్లకు ఉరికింది. రేపు గద అని పట్టుకొచ్చిన.

మిగిలిన మట్టితోని కుంటెద్దుకు ఒక జోడీ చేసిన. మట్టి సరిపోక అది చిన్నగ వచ్చింది. సాయంత్రం మా ఆయన గద్వాల నుంచి వచ్చి, కాళ్లు కడుక్కొని దేవుని గూటి ముందట నిలబడ్డడు. ఆయన నిమ్మళమైన మనిషి, ఊరికె నవ్వడు. జర సేపు చూసి, కుంటెద్దు పక్కన ఎలుకను ఎందుకు పెట్టినవని అడిగిండు. ఎద్దే అని చెప్పిన. సరే అని రెంటికీ మొక్కిండు. మాడిన భక్షాల మీద నెయ్యి ఎక్కువ పోసిన, అందరు తిన్నరు.

తెల్లారి తలస్నానం చేయించక ముందే పిల్లలిద్దరు పళ్లెం పట్టుకొని బయలెల్లిండ్రు. పాట ఎవరికీ రాదు. పక్కింటామెకు రెండు ముక్కలే యాదికున్నయి, అవి కూడ కన్నడంల. ఏదో ఒకటి పాడాలె గద అని మా బిడ్డ తనకు బడిల నేర్పిన రెండో ఎక్కం ఎత్తుకున్నది. రెండొకట్ల రెండు, రెండు రెండ్ల నాలుగు అని ఆమె రాగం తీస్తుంటే, వెనక తమ్ముడు ప్రతి లెక్కకు కుంటెద్దు వచ్చే అని కలుపుతుండె. నేను జర దూరంల కొంగు నోటికి అడ్డం పెట్టుకొని వెంబడి పోయిన.

జనం మొదలు తెల్లబోయిండ్రు. ఎద్దును చూసి నవ్విండ్రు. నవ్వినోళ్లంత చాటల గింజలు తెచ్చి పోసిండ్రు. ఒకరు జొన్నలు, ఒకరు కందిపప్పు, ఒకరు బియ్యం, ఒకామె గింజలు లేవని రెండు వంకాయలు, ఒక ఎండు మిరపకాయ పెట్టింది. పల్లీలు ఇచ్చిండ్రు గాని అవి పళ్లెంల పడకముందే కొడుకు నోట్లకు పోయినయి. పంచాయితి కచేరి అరుగు మీద కూసున్న ఒక పెద్దమనిషి, నోట్ల పండ్లు లేవు గాని లెక్కల్ల గట్టి, రెండేడ్ల పన్నెండు అని బిడ్డ తప్పు చెప్తే ఆపిండు. సరిగ చెప్పేదాక జొన్నలు పెట్టనన్నడు. బిడ్డ వేళ్ల మీద లెక్కబెట్టుకొని పద్నాలుగు అని చెప్పినంక దోసిలి నిండ పోసిండు.

మూడు గల్లీలు తిరిగేసరికి వెనక పది మంది పోరగాండ్లు తయారైండ్రు. వాళ్లకు కూడ కుంటెద్దులు కావాలె. వాళ్ల ఇండ్లల్ల ఉన్నయి మంచి ఎద్దులు, అవ్వలు ముత్తవ్వలు చేసినయి. ఇంక ఏం చేయాలె, ఒకడు ఇంటికి ఉరికి ఎద్దు కాలు ఇరగ్గొట్టి తెచ్చిండు. వాణ్ణి చూసి ఇంకొకడు. మధ్యాన్నానికి ఊర్ల నాలుగు కాళ్ల మట్టెద్దు ఒక్కటి మిగిలిందో లేదో తెల్వదు. ముగ్గురు తల్లులు మా వాకిట్లకు కొట్లాటకు వచ్చిండ్రు. వచ్చినోళ్లను కూసోబెట్టి వంకాయలు కోయమన్న. కోసిండ్రు.

పెద్ద గిన్నెల అన్ని కలిపి పొయ్యి మీద పెట్టినం. జొన్న ఉడకదు, బియ్యం జల్ది ఉడుకుతది, పప్పు మధ్యల యాడికో పోతది. పైన గంజి, నడుమ అన్నం, అడుగున మాడు అయింది. పిల్లలు వాకిట్ల వరుసగ కూసొని, పక్కన ఎవరి ఎద్దు వాళ్లు పెట్టుకొని, గిన్నె గీకి గీకి తిన్నరు. ఇంట్ల నేను బతిమాలి పెట్టే సన్నన్నం తినని నా కొడుకు ఆ జావ మూడుసార్లు పెట్టించుకున్నడు.

అప్పుడు మా అత్త దిగింది. దవాఖానోళ్లు ఇచ్చిన నల్ల అద్దాలు పెట్టుకొని, ఆడిబిడ్డ చెయ్యి పట్టుకొని వాకిట్లకు వచ్చింది. ఆగుమన్నా ఆగకుండ మొదలు ఎద్దును చూపియ్యుమన్నది. బిడ్డ పళ్లెం తెచ్చి చేతికిచ్చింది. అత్త అద్దాలు పైకెత్తి చూసింది, దించి చూసింది, పళ్లెం వెలుగు దిక్కు తిప్పి మళ్ల చూసింది. ఆమె మొఖం చిన్నగైంది. ఆడిబిడ్డ దిక్కు తిరిగి, "ఆపరేషన్ కుదరలేదు బిడ్డా. నాకు ఎద్దు మేక లెక్క కనపడుతున్నది" అన్నది.

నేనే దగ్గరికి పోయి చెప్పిన, "కన్ను మంచిగనే ఉంది అత్తా. ఎద్దే గట్ల ఉంది."

ఆమె కడుపు పట్టుకొని నవ్వింది. కన్ను కదలొద్దన్నరు, నవ్వొద్దు అని ఆడిబిడ్డ భయపడి పట్టుకున్నది. ఆమె ఆగలేదు. అరుగు మీద కూసొని, ఇంక ఏమన్న మిగిలిందా అని గిన్నె అడిగింది. అడుగున మాడే ఉండె. అదే గీకి పెట్టిన. ఉప్పు మర్చిపోయినవని చెప్పి, అంత తిన్నది.

పొద్దు వాలినంక అందరం చేను కాడికి పోయినం. ఎద్దులను చేన్ల విడువాలె, అది ఆనవాయితీ. విత్తనం పెట్టిన సాళ్లు ఇంకా మొలకలు లేక నల్లగ ఉండె, పైన ఆకాశంల సన్నగ మొగులు కమ్మింది. కొడుకు కుంటెద్దును పడమటి దిక్కు మొఖం పెట్టి గట్టు మీద నిలబెట్టిండు. అది ఎప్పటి లెక్కనే పక్కకు వంగింది. వాడు ఒక చిన్న రాయి తెచ్చి కాలి కింద దాపు పెట్టి, చేతుల మట్టి చెడ్డీకి తుడుచుకొని, నన్ను ఎత్తుకొమ్మన్నడు.