డెబ్బై అయిదు ఓములు

ఈ రోజు రాజోలులో, పోయిన నెల చనిపోయిన నా హామ్ రేడియో మిత్రుడి ఇంటికి వెళ్లాను. కొబ్బరికాయల దింపు మనిషి చెట్టు మీది యాంటెన్నా కేబుల్ దించేశాడు. అది యాభై ఓములదని ఆయన, డెబ్బై అయిదని నేను ఏళ్ల తరబడి రేడియోలో వాదించుకున్నాం. కొలుద్దామంటే దింపనిచ్చేవారు కాదు. ఇవాళ అరుగు మీదే, నేను చేసుకున్న బ్రిడ్జి మీటరుతో, అవతలి కొసలో లోపలి తీగనీ పై అల్లికనీ ఒకసారి కలిపి, ఒకసారి విడదీసి కొలిచాను. రెండూ గుణించి వర్గమూలం తీస్తే డెబ్బై అయిదే వచ్చింది.

"అన్నయ్యగారండీ, ఈ తీగ బట్టలారేసుకోడానికి పనికొస్తుందాండీ?" అని ఆయన భార్య అడిగారు.

"ఆయ్, పనికొస్తుందమ్మా. తుప్పు పట్టదు."

నేనే గుంజలకు కట్టి వచ్చేశాను.

సాయంత్రం మేమిద్దరం రోజూ మాట్లాడుకునే వేళకు రేడియో సెట్టు పెట్టుకుని కూర్చున్నాను. డెబ్బై అయిదే అంటున్నాను. కాదనేవాళ్లు ఎవరైనా ఉన్నారా?